జోలపాటకు సిద్ధాంతశుద్ధి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఫాదర్ శౌరయ్యగారి నోరు మంచిదే. పాడ్డానికి తెరిస్తే గుడి చూరులో పావురాలు కూడా సద్దు చేయకుండా వినేవి. కాకపోతే ఆ ఏడు జూన్‌లో, స్టాఫ్ మీటింగులో, అది పాడ్డానికి కాక మాట్లాడ్డానికి తెరుచుకుంది. తంటా అంతా అక్కడ మొదలైంది.

శౌరయ్యగారు గంటలమెట్ట గురువిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. గురువిద్యాలయమంటే సెమినరీ. ఇంటర్ పాసైన కుర్రాళ్ళను తీసుకొచ్చి, ఏళ్ళ తరబడి చదివించి, ఆఖర్న ఫాదర్లను చేసి ఊళ్ళమీదికి పంపే చోటు. అక్కడ చదువుకునేవాళ్ళను బ్రదర్లంటారు. శౌరయ్యగారు వాళ్ళకి పొద్దున దైవశాస్త్రం, సాయంత్రం సంగీతం చెప్పేవారు. పొద్దున పాఠానికి బ్రదర్లు తూగేవారు, సాయంత్రం పాఠానికి ఊగేవారు. మొత్తంమీద రోజు గడిచిపోయేది.

ఆ మీటింగుకు ముందు ఆదివారం పట్నంలో పెద్దగుడి జూబిలీ జరిగింది. యువజనులు ఒక భక్తిగీతం పాడారు. బాణీ సినిమాది. ఆ సినిమాలో ఆ పాట వచ్చినప్పుడు హీరోయిన్ వానలో తడుస్తూ ఉంటుంది. బిషప్‌గారికి ఆ సంగతి తెలియదు గనక తాళం వేస్తూ ఆనందించారు. తెలిసిన ఫాదర్లు కిక్కురుమనలేదు. నోరెత్తితే సినిమా చూశామని ఒప్పుకున్నట్టే గదా! శౌరయ్యగారికి మాత్రం కడుపు మండింది. మీటింగులో టీ వచ్చేదాకా కూడా ఆగలేక, "పాడే ముందు ఎవరో ఒకరు చూడాలండీ," అనేశారు.

ఎదురుగా కూర్చున్న ఫాదర్ డాక్టర్ జ్ఞానప్రకాశంగారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఒక సంఘం పుట్టబోతోందన్నమాట. ఆయన రోములో చాలాకాలం ఉండి, పాతకాలపు క్రైస్తవ మహాసభ తీర్మానం ఒకదానిలో ఒకే ఒక్క వాక్యం మీద లావుపాటి గ్రంథం రాసి డాక్టరేటు పుచ్చుకొచ్చారు. వచ్చినప్పట్నుంచీ మాట్లాడేదంతా గ్రంథంలాగే ఉండేది. టీలో పంచదార తక్కువైతే, "తేనీటియందు మాధుర్యము లోపించినది," అనేవారు.

"'ఎవరో ఒకరు' అను మాట అస్పష్టముగా నున్నది," అన్నారాయన. "గీతమనగా సరిగమలు మాత్రమే కాదు, విశ్వాస ప్రకటనము. కావున ప్రతి గీతమును, ప్రతి చరణమును, ప్రతి పదమును దైవశాస్త్ర శాఖ పరిశీలించి ధ్రువపరచవలెను."

గురువిద్యాలయానికి పెద్ద, రెక్టరు ఫాదర్ రాయప్పగారు, "బాగుందండీ," అన్నారు. రెక్టరుగారు బహు మంచివారు. మంచివారు గనకే ఏ కాగితాన్నీ చదవకుండా సంతకం పెట్టేవారు. చదివితే ఎదుటివాళ్ళను అనుమానించినట్టవుతుందని ఆయన బాధ.

ఆ సాయంత్రానికి 'పవిత్రగాన సిద్ధాంతశుద్ధి సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు జ్ఞానప్రకాశంగారు. ఇటు సంగీతమూ అటు దైవశాస్త్రమూ తెలిసినవారు ఇంకెవరూ లేరు గనక కార్యదర్శి శౌరయ్యగారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మొదట రమ్మని పిలిచే పాటలు పట్టుబడ్డాయి. మన పాటల పుస్తకంలో సగం పాటలు దేవుణ్ణి రమ్మనే పిలుస్తాయి. "సర్వాంతర్యామిని రమ్మనుట యెట్లు? రమ్మన్నచో ఇప్పుడు ఇచ్చట లేడని గదా అర్థము!" అన్నారు జ్ఞానప్రకాశంగారు. 'రమ్ము' అన్నచోటల్లా 'ఇచ్చటనే యున్నప్పటికిని రమ్ము' అని దిద్దారు.

తర్వాత అర్పణ పాటలు. 'నా సర్వస్వం నీకే' అని పాడే బ్రదరు చేతికి వాచీ ఉంది, పెట్టెలో మామిడికాయ పచ్చడి జాడీ ఉంది. ఇది దేవుని సన్నిధిలో అబద్ధప్రమాణం కాదా? కాదని ఎవరంటారు? 'అత్యవసర వస్తువులు మినహా నా సర్వస్వమును' అని సవరణ వచ్చింది.

పాటలో చెబితే తాళం తప్పే వివరణలకు ఫుట్‌నోట్లు పెట్టారు. రాసింది పాడాలిగా? ఫుట్‌నోట్లు పేజీ అడుగున ఉంటాయి గనక, అడుగు శ్రుతిలో పాడే బొంగురు గొంతు బ్రదర్లకు అప్పజెప్పారు. ముందు వరస 'ఇచ్చటనే యున్నప్పటికిని రమ్ము' అని ఎత్తుకోగానే, వెనకవరస 'రమ్ము అనగా కృపాపరమైన సాన్నిధ్యమే గాని స్థలమార్పిడి కాదు' అని గుమ్మెత్తేది.

గాయక బృందానికి నాయకుడు బ్రదర్ కస్పారు. వాడొక సాయంత్రం హార్మోనియం పక్కన చేరి, "ఫాదర్, ఆయన ఇక్కడే ఉంటే మనమెందుకు ఫాదర్ ఇంత కష్టపడి పిలవడం?" అని అడిగాడు.

శౌరయ్యగారికి ఒళ్ళు మండి, "నోరుమూసుకుని పాడవయ్యా!" అన్నారు.

కస్పారు మాట వినే పిల్లాడు. ఆ ఆదివారం పూజలో బృందమంతా నోరుమూసుకునే పాడింది. ముక్కుతో, మాటల్లేకుండా, హాయిగా. ఎన్నాళ్ళకో గుళ్ళో సంగీతం వినిపించి వంటమనిషి థెరీసమ్మ కళ్ళొత్తుకుంది. సోమవారం సంఘం సమావేశమైంది. "మూసిన నోటియందు ఏ అపసిద్ధాంతము దాగియున్నదో ఎవరు చెప్పగలరు?" అన్నారు అధ్యక్షులవారు. ముక్కుపాట నిషేధించారు.

పూజ పొడుగైపోయి ఆదివారం సాంబారు చల్లారిపోసాగింది. "ఏంది ఫాదరూ, దేవుణ్ణి పిలవడానికి ఇంతసేపు పడతందా? మేం ఒక్క కేకేస్తే వచ్చేవోడు గదా," అని థెరీసమ్మ శౌరయ్యగారి కంచం ముందు నిలబడి నిలదీసింది. ఆయన తల ఎత్తకుండా సాంబారు కలుపుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. అక్టోబరులో బిషప్‌గారి దగ్గర్నుంచి ఉత్తరువు వచ్చింది. గంటలమెట్టలో జరుగుతున్న మహత్కార్యం విని వారు ముగ్ధులయ్యారట. ఈ క్రిస్మస్ నుంచి, గంటలమెట్ట సంఘంలో శుద్ధి కాని పవిత్రగీతం తమ ఏలుబడిలో ఉన్న ఏ గుళ్ళోనూ పాడకూడదు. అది చదివిన రోజు శౌరయ్యగారు అన్నం ముట్టలేదు. సంఘం ముందున్న పాటల వరసలో తర్వాతది చిన్నిసామి జోలపాట.

ఆ పాట సంగతి చెప్పాలి. శౌరయ్యగారిది మిరపచేల ఊరు. కాయకోతలకెళ్ళే ఆడవాళ్ళు చేను గట్టున చీరతో ఉయ్యాల కట్టి పసిపిల్లల్ని పడుకోబెట్టేవారు. వాళ్ళమ్మ ఆనందమ్మ ఆ ఉయ్యాలలు ఊపుతూ పాడేది. ఆ చుట్టుపక్కల చేలల్లో అందరూ పాడే పాటే, కానీ ఆవిడ పాడితే చేనంతా వినేది. ఆవిడ పోయాక చూసుకుంటే ఒక ఫోటో అయినా లేదు. గొంతు ఎవరూ రికార్డు చేయలేదు. మిగిలిందల్లా ఆ పాటే. శౌరయ్యగారు అందులో 'చిట్టిబాబూ' అన్నచోట 'చిన్నిసామి' అని మార్చి, క్రిస్మస్‌కు బ్రదర్ల చేత పాడించారు. ఫాదర్లై వెళ్ళినవాళ్ళు దాన్ని ఊరూరా మోసుకెళ్ళారు. ఇప్పుడు ఆ మేర ఏ గుళ్ళో చూసినా క్రిస్మస్ అంటే ఆ పాటే. తన తల్లి గొంతు అన్ని ఊళ్ళలో ఉందని శౌరయ్యగారు ఎవరికీ చెప్పుకోలేదు గాని, ఆయన ధైర్యమంతా అదే.

*జోజో చిన్నిసామి, జోలాలి చిన్నిసామి*
*సలిగాలి వచ్చేను, కప్పుకో సామి*
*గడ్డివాము మాదే, గాబరా లేదులే*
*కునుకు తియ్యి సామి, నిదురపో సామి*

పద్ధతి ప్రకారం పాటలో దోషాలు దైవశాస్త్ర శాఖ చూపించాలి, సంగీత శాఖ జవాబివ్వాలి. దైవశాస్త్ర శాఖ ఆ పని తమలో చిన్నవారైన శౌరయ్యగారికి పురమాయించింది. సంగీత శాఖ అంటే శౌరయ్యగారు ఒక్కరే. కాబట్టి పొద్దున ఆయన కూర్చుని తనకు తాను ఉత్తరం రాసుకున్నారు: 'తమరి గీతమందు నాలుగు లోపములు గన్పట్టుచున్నవి. సంజాయిషీ ఇచ్చుకోగలరు.' సాయంత్రం హార్మోనియం మీద కాగితం పెట్టుకుని, 'అది పసిబిడ్డకు పాడు పాట, దయయుంచి వదలివేయగలరు,' అని జవాబు రాసుకున్నారు. మర్నాడు పొద్దున, 'తమ సమాధానము భావోద్వేగముతో కూడియున్నది గాని శాస్త్రసమ్మతము గాదు,' అని తిప్పికొట్టుకున్నారు. ఈ రాయబారం నవంబరంతా నడిచింది. చివరికి తనమీద తనకే కోపమొచ్చి, పొద్దుటి శౌరయ్య సాయంత్రపు శౌరయ్యతో మాట్లాడ్డం మానేశాడు.

సంఘంలో విచారణ రోజు జ్ఞానప్రకాశంగారు లోపాలు చదివారు.

"అనంతుని 'చిన్ని' యనుట పరిమాణ దోషము. గాలి వచ్చుచున్నదని ఆయనకు తెలియజేయుట, ఆయన సర్వజ్ఞతను శంకించుట. సృష్టికర్త యెదుట 'గడ్డివాము మాదే' యని చెప్పుకొనుట దురాక్రమణ. ఇక, కునుకడు నిద్రింపడు అని లేఖనమున్నది. అట్టివానిని నిద్రపొమ్మనుట ఆజ్ఞా? పరిహాసమా?"

"పసిబిడ్డ గదండీ..." అన్నారు శౌరయ్యగారు.

"తమరు దైవశాస్త్ర శాఖ తరఫున మాట్లాడుచున్నారా, సంగీత శాఖ తరఫునా?"

శౌరయ్యగారికి ఆ క్షణంలో తాను ఎవరి తరఫో తెలియలేదు. సవరిస్తే పాట బతుకుతుంది, సవరించకపోతే ఊళ్ళన్నిట్లో చస్తుంది. బతికితే చాలనుకుని తలూపారు. రెండో చరణం విచారణ క్రిస్మస్ తర్వాతకు వాయిదా పడింది. మొదటి చరణం శుద్ధయి ఇలా బయటికొచ్చింది:

*జోజో, పరిమాణాతీతుడవైన చిన్నిసామి*
*నీవు ముందే యెరిగిన చలిగాలి వచ్చేను*
*మా తాత్కాలిక స్వాధీనములోని గడ్డియందు*
*మానవ స్వభావము మేరకు మాత్రమే నిదురపో*

గంటలమెట్టలో క్రిస్మస్ ముందు ఆదివారం సాయంత్రం వేడుక చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వస్తారు. ఆవరణలో పశువులపాక వేసి, జోలపాట పాడేటప్పుడు నిజం పసిబిడ్డనే బాలయేసుగా తొట్టిలో పడుకోబెట్టడం అక్కడి ఆనవాయితీ. ఈసారి సంఘం దానికీ నిబంధన పెట్టింది: శిశువు మగశిశువై, జ్ఞానస్నానము పొందినదై, ఏడవనిదై ఉండవలెను.

ఆ ఏడు దగ్గర్లో ఉన్న చంటిబిడ్డ ఒక్కతే. థెరీసమ్మ కూతురు లూర్దుమేరి పురిటికొచ్చి కన్న ఆడపిల్ల.

"ఎట్టా థెరీసమ్మా?" అన్నారు శౌరయ్యగారు.

"గుడ్డలో చుడితే ఎవురైనా ఒకటే ఫాదరూ. తమరు గమ్మునుండండి," అంది థెరీసమ్మ.

శౌరయ్యగారు గమ్మునున్నారు. 'మగశిశువు' అని రాసిన ధ్రువపత్రం మీద రెక్టరుగారు ఎప్పట్లాగే ఎదుటివాళ్ళను అనుమానించకుండా సంతకం పెట్టారు.

ఆదివారం సాయంత్రం రానే వచ్చింది. బిషప్‌గారు ముందు వరసలో కుర్చీలో, వెనక ఊళ్ళ జనం చాపలమీద. బిడ్డను తొట్టిలో పెట్టారు. కస్పారు ఎత్తుకున్నాడు, 'జోజో, పరిమాణాతీతుడవైన...'

బిడ్డ కళ్ళు తెరిచింది.

'...నీవు ముందే యెరిగిన చలిగాలి...' బిడ్డ పెదవి వంచింది. వెనకవరస బొంగురు గొంతులు, 'నిద్ర యనగా చైతన్యలోపము కాదు' అని గుమ్మెత్తాయి. బిడ్డ గుక్కపట్టింది. ఏడుపంటే అలాంటిలాంటి ఏడుపా! మైకు పట్టేసింది. ఫుట్‌నోటు గట్టిగా పాడేకొద్దీ ఏడుపు పెరిగింది, ఏడుపు పెరిగేకొద్దీ వినపడదేమోనని బ్రదర్లు ఇంకా గట్టిగా పాడారు. చాపలమీద ఆడవాళ్ళు, "పాపిష్టోళ్ళు, బిడ్డను బెదరగొడతన్నారే!" అని లేచి నిలబడ్డారు. లూర్దుమేరి జనంలోంచి తోసుకురాబోతే వాలంటీర్లు ఆపారు. బిషప్‌గారు చెవిమీద చెయ్యి పెట్టుకున్నారు.

నిబంధన ప్రకారం శిశువు ఏడవకూడదు. నిబంధన రాసినవారు జ్ఞానప్రకాశంగారు. పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళి, దోషిని పట్టుకున్నట్టు బిడ్డను ఎత్తుకున్నారు. బిడ్డ ఆయన గడ్డం కింద తల దూర్చి వెక్కింది. ఏం చేయాలో ఏ మహాసభ తీర్మానంలోనూ లేదు. ఆయన అటూ ఇటూ చూశారు. కాళ్ళు వాటంతటవే ఊగడం మొదలెట్టాయి. తర్వాత ఎవరూ అనుకోనిది జరిగింది. బిడ్డను ఎత్తుకున్న చోట మైకు ఉంది గనక అందరికీ వినిపించింది.

"జోజో చిన్నిసామి... జోలాలి చిన్నిసామి... సలిగాలి వచ్చేను..."

చలిగాలి కాదు, సలిగాలి! రోముకు పోకముందు ఆయనదీ మిరపచేల ఊరే. శ్రుతీ లేదు, తాళమూ లేదు. బ్రదర్లు ఆగిపోయారు. నాలుగో పాదం దగ్గరికొచ్చేసరికి బిడ్డ నిద్రపోయింది. ఏ స్వభావం మేరకో ఎవరూ అడగలేదు. శౌరయ్యగారు పాక గుంజ పట్టుకుని నిలబడ్డారు. ఆయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మర్నాడు సంఘం అత్యవసర సమావేశం. పిలిచింది అధ్యక్షులవారే. ఎంత చెడ్డా మనిషి నిజాయితీపరుడు.

"నిన్నటి సాయంత్రము, శుద్ధి కాని పవిత్రగీతమును బిషప్‌గారి సమక్షమున నేను గానము చేసితిని," అన్నారు నిలబడి. "గీతమును సంపూర్ణముగ నిషేధించి, నన్ను పదవీచ్యుతుని గావింపవలెను. కార్యదర్శి రాసుకొనవలెను."

రెక్టరుగారు చెమటలు తుడుచుకున్నారు. "పోనిద్దురూ, బాలయేసుకే గదా పాడింది..."

"అదియే నేరము!"

శౌరయ్యగారి చేతిలో కలం ఆగింది. 'సంపూర్ణముగ నిషేధించి' అన్నమాట రాస్తే అమ్మ గొంతు ఊళ్ళన్నిట్లో ఒక్కసారే మూగబోతుంది. రాయకపోతే తను దాచిన సంగతి చెప్పాలి. చెబితే దొంగ ధ్రువపత్రం నేరం తన నెత్తినే. ఇన్నాళ్ళూ తలూపుతూ వచ్చిన మనిషి కలం బల్లమీద పెట్టి లేచారు.

"తమరు బాలయేసుకు పాడలేదండీ. అది ఆడపిల్ల. లూర్దుమేరి కూతురు. నాకు ముందే తెలుసు."

రెక్టరుగారు, "నేను సంతకం పెట్టానే!" అన్నారు నీరసంగా. జ్ఞానప్రకాశంగారు కళ్ళజోడు తీశారు.

"ఆడశిశువా?" అన్నారు. "అయినచో ఉద్దేశింపబడిన వ్యక్తి ప్రభువు కాదు. ప్రభువు కానిచో అది పవిత్రగీతము కాదు. పవిత్రగీతము కానిచో సంఘ పరిధిలోనికి రాదు. పరిధిలోనికి రానిదానిని నిషేధించు అధికారము మనకు లేదు." ఆగి, తర్కంలో బొక్క ఉందేమోనని పైకప్పు కేసి వెతికారు. దొరకలేదు. "కావున నేను నిర్దోషిని. గీతమును ఎవరైనను ఎచ్చటనైనను యథాతథముగ పాడుకొనవచ్చును. అయితే, అందు దేవుడు లేడని దైవశాస్త్ర శాఖ ధ్రువపరచవలెను."

దైవశాస్త్ర శాఖ తరఫున రాసేది మళ్ళీ శౌరయ్యగారే. కాగితం ఆయన ముందుకు జరిపారు. ఆయన ఇలా రాశారు: 'ఈ పాటయందలి బిడ్డ ప్రభువే యని చెప్పుటకు ఆధారము లేదు. ఏ బిడ్డయైనను కావచ్చును.'

సంతకం పెడుతుంటే, వెనకటి శిష్యుడిలాగే తనూ ప్రభువును ఎరగనన్నందుకు ఎక్కడైనా కోడి కూస్తుందేమోనని చెవులు రిక్కించారు. కూయలేదు. వంటశాల వెనక కోళ్ళన్నీ నిన్న వేడుక భోజనంలోకే వెళ్ళిపోయాయి. రెక్టరుగారు కాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారి, చదివారు. చదివి, "ఏ బిడ్డయైనను కావచ్చును," అని పైకి మరోసారి అనుకున్నారు. "ఇదేదో సువార్త పాఠంలా ఉందే శౌరయ్యగారూ," అని సంతకం పెట్టారు.

ఆ క్రిస్మస్‌కు ఊళ్ళన్నిట్లో పాట పాతమాటలతోనే పాడుకున్నారు. సంఘం మాత్రం ఎక్కడికీ పోలేదు. సంఘాలు అంత తేలిగ్గా పోతాయా! తర్వాతి సమావేశానికి గంట శబ్దంలో సిద్ధాంతం ఉందా లేదా అన్నది విచారణకు పెట్టుకుంది.

పండగ మర్నాడు సాయంత్రం శౌరయ్యగారు సంగీతం గదిలో హార్మోనియం తుడుచుకుంటుంటే జ్ఞానప్రకాశంగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రారు, వెళ్ళరు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"శౌరయ్యా, ఆ పాటకి రెండో చరణం ఉందంటగా. ఎట్టా ఉంటది?"

శౌరయ్యగారు తెల్లబోయారు. మాటకి కాదు, ఆ మాటతీరుకి. "మీకు తెలీదా? మీ చేలల్లోనూ పాడేదేగా!"

"పాడేదే. మా అమ్మ రోజూ పాడేదంట." ఆయన కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు. ఈసారి సంఘమేమీ పుట్టలేదు. "ఎప్పుడూ మొదటి చరణంలోనే నిద్రపోయేవాణ్ణంట. రెండోది నేనెప్పుడూ వినలా."

శౌరయ్యగారు బల్ల ఖాళీ చేసి ఆయన్ని కూర్చోబెట్టారు. తలుపు దగ్గరగా వేసి, శ్రుతి పెట్టి, వాళ్ళమ్మ పాడినట్టే ఎత్తుకున్నారు.

*సదువులు రానోళ్ళం, సంకన ఎత్తుకున్నోళ్ళం*
*ఎవరి బిడ్డవైతేనేం, మా బిడ్డవే సామి*

జ్ఞానప్రకాశంగారు కళ్ళు మూసుకుని విన్నారు. సవరణ ఒక్కటి కూడా చెప్పలేదు.